పౌలు ఒప్పుకున్నదీ ఒప్పుకోనిదీ

చేయని నేరం నెత్తిన పడ్డవారి కథలు బైబిలులో చాలా ఉన్నాయి. పోతీఫరు భార్య వేసిన నిందకు యోసేపు చెరసాల పాలయ్యాడు. ద్రాక్షతోట ఇవ్వనన్నందుకు నాబోతు మీద ఇద్దరు దొంగసాక్షులు దేవదూషణ నేరం మోపారు, ఊరివాళ్ళు అతన్ని రాళ్ళతో కొట్టి చంపారు. విచారణలో నాబోతు ఏం చెప్పుకున్నాడో, అసలు చెప్పుకోనిచ్చారో లేదో గ్రంథంలో లేదు. నింద పుట్టిన క్షణం నుంచి చక్రవర్తికి చేసుకున్న అప్పీలు దాకా, వకీలు వాదన, అధికారి ఉత్తరం, ఏళ్ళ తరబడి వాయిదాలు సహా పూర్తిగా దొరికే వ్యాజ్యం ఒక్కటే. అది అపొస్తలుడైన పౌలుది. అపొస్తలుల కార్యముల గ్రంథంలో 21వ అధ్యాయం నుంచి 26వ అధ్యాయం వరకు నడిచేది అదే కథ. 28 అధ్యాయాల పుస్తకంలో గ్రంథకర్త లూకా దానికి ఇంత చోటిచ్చాడు. క్రైస్తవులు రాజద్రోహులు కారని రోమా పాఠకులకు చూపాలన్న ఉద్దేశం లూకాకు ఉందని పండితులు చాలామంది అంటారు. ఉండవచ్చు. అయినా ఆ ఉద్దేశం కోసం పౌలు కోపాన్నీ తొందరపాటునూ అతను దాచిపెట్టలేదు.

ఈ వ్యవహారానికి వెనక ఒక చందా ఉంది. యెరూషలేములోని పేద విశ్వాసుల కోసం పౌలు మాసిదోనియ, అకయ మొదలైన చోట్ల సంఘాల నుంచి డబ్బు పోగుచేశాడు. డబ్బు చేతులు మారేచోట నింద ఇట్టే పుడుతుందని అతనికి తెలుసు. కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 8వ అధ్యాయంలో ఆ జాగ్రత్త కనిపిస్తుంది. చందా వెంట సంఘాలు ఎన్నుకున్న మనిషి ప్రయాణం చేస్తాడని, వ్యవహారం దేవుని దృష్టిలోనే కాక మనుషుల దృష్టిలో కూడా సవ్యంగా ఉండాలని అక్కడ రాశాడు. నా మనస్సాక్షి నిర్మలంగా ఉంది, నన్ను లెక్కలడిగేదెవరు అని అతను అనలేదు. రెండో సంతకం అడిగితే అవమానంగా భావించే సంఘ కోశాధికారులు చదవదగిన అధ్యాయం అది.

ఆ ప్రయాణంలో పౌలు వెంట వచ్చినవారి పేర్లు కార్యముల గ్రంథం 20వ అధ్యాయంలో ఉన్నాయి. వారు ఆయా సంఘాల తరఫున చందాకు కాపుగా వచ్చిన ప్రతినిధులని ఎక్కువమంది వ్యాఖ్యాతల అభిప్రాయం. వారిలో త్రోఫిము ఒకడు. ఎఫెసువాడు, యూదుడు కాదు. డబ్బు విషయంలో మాట పడకుండా ఉండేందుకు వచ్చిన బృందంలోని మనిషే ఇంకో నిందకు సాకు అయ్యాడు.

క్రీస్తుశకం 57 ప్రాంతంలో, పెంతెకొస్తు నాటికి చేరుకోవాలన్న తొందరలో పౌలు యెరూషలేము వచ్చాడు. వచ్చీరాగానే మొదటి నింద బయటివాళ్ళ నుంచి కాదు, సొంత సంఘం నుంచే చెవిన పడింది. పరదేశాల్లో ఉన్న యూదులకు మోషే ధర్మశాస్త్రాన్ని విడిచిపెట్టమనీ, పిల్లలకు సున్నతి చేయించవద్దనీ పౌలు బోధిస్తున్నాడని విశ్వాసులే చెప్పుకుంటున్నారు. ఈ మాటలో కొసరు నిజం ఉంది. అన్యజనులు సున్నతి పొందనక్కరలేదని పౌలు గట్టిగా వాదించినవాడే. యూదులు దాన్ని మానుకోవాలని మాత్రం అతను చెప్పలేదు. సంఘ పెద్దలు ఒక ఉపాయం చెప్పారు. మొక్కు తీర్చుకోవలసిన నలుగురితో కలిసి అతనూ శుద్ధి చేసుకుని, వాళ్ళ ఖర్చులు భరిస్తే, అతను ధర్మశాస్త్రాన్ని మన్నించేవాడేనని అందరికీ తెలుస్తుంది. పౌలు వాదనకు దిగకుండా ఒప్పుకున్నాడు. తన వారి మధ్య పుట్టిన అనుమానానికి అతను ఇచ్చిన జవాబు ఒక పని, ఒక ప్రసంగం కాదు. ఆ పని కోసమే అతను దేవాలయంలో ఉన్నాడు. నింద పోగొట్టుకునేందుకు వెళ్ళిన చోటే పట్టుబడ్డాడు.

శుద్ధి దినాలు ఏడూ ముగియవస్తుండగా ఆసియ రాష్ట్రం నుంచి పండుగకు వచ్చిన కొందరు యూదులు అతన్ని ఆలయంలో చూసి కేకలు వేశారు. ప్రజలకూ, ధర్మశాస్త్రానికీ, ఈ స్థలానికీ విరోధంగా బోధించేవాడు ఇతనేనన్నారు. అంతటితో ఆగక గ్రీసు దేశస్థులను లోపలికి తెచ్చి ఆలయాన్ని అపవిత్రం చేశాడన్నారు. ఇది చిన్న నేరం కాదు. ఆలయంలో బయటి ఆవరణ దాకా ఎవరైనా రావచ్చు. ఆపైన ఒక అడ్డుగోడ ఉండేది. దాన్ని దాటిన పరజాతివాడి చావుకు అతనే బాధ్యుడని గ్రీకులో చెక్కిన రాతిపలకలు అక్కడ నిలబెట్టారు. అలాంటి పలక ఒకటి పూర్తిగా 1871లో క్లెర్మో గాన్నో అనే ఫ్రెంచి పండితుడికి దొరికింది. ఇప్పుడది ఇస్తాంబుల్ పురావస్తు ప్రదర్శనశాలలో ఉంది. గీత దాటినవాడు రోమా పౌరుడైనా సరే, చంపే హక్కును రోమా ప్రభుత్వం యూదులకు వదిలిపెట్టిందని చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు.

ఈ నేరారోపణ ఎలా పుట్టిందో లూకా ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు వెళ్ళిపోతాడు. అంతకుముందు వాళ్ళు త్రోఫిమును పౌలుతో పట్టణంలో చూశారు. ఆలయంలోకి కూడా తెచ్చి ఉంటాడని ఊహించారు. చూసింది వీధిలో, చెప్పింది ఆలయం గురించి. నిప్పు లేనిదే పొగ రాదని మన పెద్దలు అంటారు. ఇక్కడ నిప్పు ఉన్నమాట నిజమే. త్రోఫిము ఊళ్ళో ఉన్నాడు, పౌలు స్నేహితుడే, యూదుడు కాదు కూడా. అబద్ధం మొత్తం గాలిలోంచి పుట్టలేదు. మూడు నిజాలకు ఒక ఊహ అతికింది. ఇంకో సంగతి ఉంది. ఆ మాట నిజమే అయితే రాతిపలక ప్రకారం చావవలసినవాడు గీత దాటిన త్రోఫిము. అతన్ని ఎవరూ పట్టుకున్నట్టు గానీ వెతికినట్టు గానీ గ్రంథంలో లేదు. అసలు కోపం ఎవరి మీదో దీన్నిబట్టి తెలుస్తుంది.

జనం పౌలును ఆలయం బయటికి ఈడ్చి కొడుతుండగా, పక్కనే ఉన్న కోటలోని రోమా పటాలపు అధికారి క్లౌదియ లూసియ సైనికులతో వచ్చి విడిపించాడు. విడిపించి, రెండు సంకెళ్ళు వేయించాడు. ఏం చేశాడని అడిగితే గుంపులో ఒక్కొక్కరూ ఒక్కో మాట కేకవేశారు. లూసియకూ ఒక ఊహ ఉంది. కొంతకాలం కిందట నాలుగు వేలమంది నరహంతకులను అరణ్యంలోకి నడిపించిన ఐగుప్తీయుడు వీడేనని అతను అనుకున్నాడు. కొద్దిసేపట్లోనే ఒక మనిషి మీద రెండు తప్పుడు ఊహలు పడ్డాయి. గుంపు అతని వెంట ఆలయంలో లేని గ్రీకు మనిషిని చూసింది, అధికారి అతనిలో తిరుగుబాటుదారుణ్ణి చూశాడు.

కొరడాలతో కొట్టి నిజం రాబట్టమని లూసియ ఆజ్ఞ ఇచ్చాడు. వార్లతో కట్టివేస్తుండగా, తీర్పు తీర్చకుండా రోమా పౌరుణ్ణి కొట్టడం మీకు న్యాయమేనా అని పౌలు శతాధిపతిని అడిగాడు. రోమా చట్టం పౌరులకిచ్చిన ఆ రక్షణ సంగతి తెలిసిన అధికారి భయపడ్డాడు. తాను పెద్ద మొత్తం పోసి పౌరసత్వం కొనుక్కున్నానని లూసియ అంటే, తాను పుట్టుకతోనే పౌరుణ్ణని పౌలు చెప్పాడు. నిందను భరించడమే భక్తి అనుకునేవారికి ఈ సన్నివేశం ఇబ్బంది పెడుతుంది. ఫిలిప్పీలో దెబ్బలు తిన్నాక పౌరసత్వం సంగతి చెప్పిన మనిషి యెరూషలేములో దెబ్బలకు ముందే చెప్పాడు. చట్టం తనకిచ్చిన రక్షణను వాడుకోవడంలో అతను ఏ తప్పూ చూడలేదు.

మరునాడు యూదుల మహాసభ ఎదుట జరిగింది అంత హుందాగా లేదు. పౌలు నోరు తెరిచి తన మనస్సాక్షి గురించి ఒక్క మాట అనగానే, నోటిమీద కొట్టమని ప్రధాన యాజకుడు అననీయ ఆజ్ఞాపించాడు. పౌలు మండిపడ్డాడు. సున్నం కొట్టిన గోడా అని తిట్టి, ధర్మశాస్త్రం ప్రకారం విచారణకు కూర్చుని ధర్మశాస్త్రానికి విరోధంగా కొట్టిస్తావా అన్నాడు. అడిగిన ప్రశ్న న్యాయమైనదే, తిట్టు మాత్రం న్యాయం కాదు. ప్రధాన యాజకుణ్ణి తిడతావా అని దగ్గరున్నవారు అడిగినప్పుడు, అతను ప్రధాన యాజకుడని తనకు తెలియలేదని చెప్పి, ప్రజల అధికారిని నిందించకూడదన్న ధర్మశాస్త్ర వాక్యాన్ని తన మీదనే ప్రయోగించుకున్నాడు. ఇలాంటి చోటే యేసు ప్రవర్తన వేరుగా ఉంది. యోహాను సువార్త 18వ అధ్యాయంలో బంట్రౌతు చెంపమీద కొట్టినప్పుడు, తాను తప్పు మాట్లాడి ఉంటే ఆ తప్పేమిటో చూపించమనీ, లేకపోతే ఎందుకు కొట్టావనీ యేసు అడిగాడు. అదీ నిలదీయడమే, అందులో తిట్టు లేదు.

సభలో ఒక భాగం సద్దూకయ్యులు, మరో భాగం పరిసయ్యులు అని గ్రహించి, తాను పరిసయ్యుణ్ణని, మృతుల పునరుత్థానాన్ని గూర్చే తనను విచారిస్తున్నారని పౌలు కేకవేయడం ఆ తర్వాతి ఘట్టం. పునరుత్థానం విషయంలో పొసగని ఆ రెండు పక్షాలుగా సభ చీలింది. పరిసయ్యుల పక్షాన ఉన్న కొందరు శాస్త్రులు అతనిలో ఏ దోషమూ లేదన్నారు. ఇది నిజాయితీయా, యుక్తా అన్న చర్చ వ్యాఖ్యాతల మధ్య ఇప్పటికీ ఉంది. పునరుత్థానం అతని నమ్మకానికి కేంద్రమే కాబట్టి అబద్ధమైతే కాదు. అయినా ఆ రోజు అతని మీద ఉన్న ఫిర్యాదు అది కాదు. తర్వాత రోమా అధిపతి ఎదుట ఈ కేక సంగతిని అతనే ఎత్తి, కావాలంటే దీన్ని నేరంగా చెప్పమన్నాడు. ఆ మాటలో కొంచెం నొచ్చుకున్న ధ్వని వినపడుతుంది.

నలభైమందికి పైగా మనుషులు పౌలును చంపేదాకా అన్నపానాలు ముట్టమని ఒట్టు పెట్టుకున్నారు. ఆ కబురు పౌలు మేనల్లుడి ద్వారా లూసియకు చేరింది. అతను రాత్రికి రాత్రే పెద్ద సైన్యం కాపలాతో పౌలును కైసరయలో ఉన్న అధిపతి ఫేలిక్సు దగ్గరికి పంపి, వెంట ఒక ఉత్తరం ఇచ్చాడు. ఈ మనిషి రోమీయుడని తెలుసుకుని సైన్యంతో వెళ్ళి విడిపించానన్నది దాని సారాంశం. జరిగింది వేరు. విడిపించినప్పుడు లూసియకు ఆ సంగతి తెలియదు. తెలిసింది కొరడాలు సిద్ధమయ్యాక. కొరడాల ఊసు ఉత్తరంలో లేదు. లూసియ దుర్మార్గుడు కాదు. పౌలు ప్రాణం కాపాడినవాడే. పై అధికారికి రాసేటప్పుడు తన పొరపాటును కాస్త సర్దుకున్నాడు. ఉత్తరంలో చావుకు తగిన నేరమేదీ లేదని కూడా స్పష్టంగా రాశాడు. ఆ మాట పౌలుకు పనికొచ్చింది.

ఐదు రోజులకు అననీయ కొందరు పెద్దలతోనూ, తెర్తుల్లు అనే వకీలుతోనూ కైసరయకు వచ్చాడు. తెర్తుల్లు ముందు ఫేలిక్సు పాలనను పొగిడాడు. తర్వాత మోపిన నేరాలు మూడు. ఇతను లోకమంతటా యూదుల్లో అల్లర్లు రేపే పీడ, నజరేయుల తెగకు నాయకుడు, ఆలయాన్ని అపవిత్రపరచడానికి ప్రయత్నించినవాడు. ఆలయంలో వినిపించిన కేకతో పోలిస్తే రెండు మార్పులు కనిపిస్తాయి. అపవిత్రపరిచాడన్నది అపవిత్రపరచడానికి ప్రయత్నించాడన్నంత వరకు తగ్గింది. గ్రీసు దేశస్థుల మాట మాయమైంది. ఆ తగ్గినచోట అల్లర్ల నేరం వచ్చి కూర్చుంది. రోమా అధిపతికి యూదుల అడ్డుగోడ గొడవ పట్టదు, అల్లరి మాట పడుతుంది. వినేవాడి భయాన్ని బట్టి నింద రూపం మార్చుకోవడం వకీలు నైపుణ్యం.

పౌలు జవాబు 24వ అధ్యాయంలో ఉంది. ఈ కథలో ఎక్కువసేపు ఆగవలసిన చోటు ఇదే. అధిపతిని పొగడ్తలతో ముంచలేదు. చాలా ఏళ్ళుగా ఈ జనానికి న్యాయాధిపతిగా ఉన్నావు కాబట్టి ధైర్యంగా చెప్పుకుంటానని మాత్రం అన్నాడు. ఆ తర్వాత పరిశీలించి చూడదగ్గ విషయాలు చెప్పాడు. యెరూషలేముకు వచ్చి పన్నెండు రోజులే అయింది. ఆలయంలో గానీ, సమాజమందిరాల్లో గానీ, పట్టణంలో గానీ ఎవరితోనూ తర్కిస్తూ, జనాన్ని పోగుచేస్తూ తాను కనబడలేదు. ఆలయంలో ఉన్నది శుద్ధి చేసుకుని, గుంపు లేకుండా. తనను చూశామన్న ఆసియ యూదులు ఇక్కడ ఉండి ఫిర్యాదు చేయవలసింది, వాళ్ళు రాలేదు. ఇది చిన్న అభ్యంతరం కాదు. ఫిర్యాదుదారు నిందితుడి ముఖాముఖి నిలబడాలన్నది రోమా విచారణ పద్ధతి. ఆ సంగతిని తర్వాత ఫేస్తు కూడా తన నోటితోనే చెప్పాడు. మొత్తం సంభాషణలో పౌలు ఫిర్యాదుదారులను దొంగలనీ అబద్ధికులనీ అనలేదు. రుజువు చేయలేరన్నాడు.

మధ్యలో మాత్రం ఒక నేరాన్ని ఒప్పుకున్నాడు. వాళ్ళు తెగ అని పిలిచే ఈ మార్గం ప్రకారమే తన పితరుల దేవుణ్ణి సేవిస్తున్నానని, ధర్మశాస్త్రంలోనూ ప్రవక్తల గ్రంథాల్లోనూ ఉన్నవన్నీ నమ్ముతున్నానని, నీతిమంతులకూ అనీతిమంతులకూ పునరుత్థానం ఉందని చెప్పాడు. తెర్తుల్లు వేసిన రెండో నేరం ఇదే, నజరేయుల నాయకత్వం. అబద్ధాలు మోపినవారి ఎదుట నిజమైనదాన్ని కూడా కలిపి కాదనేయడం చాలా తేలిక, కొన్నిసార్లు ప్రాణరక్షణకు అవసరం కూడా. పౌలు ఒక్కో నేరాన్ని విడదీశాడు. అల్లరి అబద్ధం. ఆలయ అపవిత్రత అబద్ధం. విశ్వాసం నిజం. అబద్ధాలు రెండింటికీ రుజువు అడిగాడు, నిజానికి తానే సాక్ష్యం చెప్పాడు. క్రైస్తవ ఆలోచనలో నింద ఎదుట నిజాయితీ అంటే ఏమిటో ఈ విభజనలో ఉన్నంత స్పష్టంగా ఏ ఉపదేశ పత్రికలోనూ లేదనిపిస్తుంది. పేతురు మొదటి పత్రిక 4వ అధ్యాయంలో దీనికి దగ్గరి మాట ఒకటి ఉంది. హంతకుడిగానో దొంగగానో ఎవడూ బాధపడకూడదు, క్రైస్తవుడిగా బాధపడితే సిగ్గుపడనక్కరలేదు అన్నది దాని భావం. శ్రమ ఏదైనా పవిత్రమేనని అక్కడ లేదు. దేనికోసమో చూడమని ఉంది.

ఫేలిక్సు లూసియ వచ్చాక చూస్తానని వాయిదా వేశాడు. లూసియ వచ్చినట్టు ఎక్కడా లేదు. ఫేలిక్సు బానిసత్వం నుంచి విడుదల పొందిన కుటుంబంవాడు, చక్రవర్తి కొలువులో పలుకుబడి ఉన్న పల్లాస్‌కు సోదరుడు. భార్య ద్రుసిల్లతో కలిసి పౌలును పిలిపించి బోధ విన్నాడు. నీతి, ఆశానిగ్రహం, రాబోయే తీర్పు గురించి మాట రాగానే భయపడి పంపేశాడు. అయినా మళ్ళీ మళ్ళీ పిలిపించాడు. కారణం లూకా దాచలేదు. లంచం ఇస్తాడేమోనని. పౌలు తన జాతివారికి దానధర్మం తెచ్చానని విచారణలో చెప్పాడు కదా, డబ్బున్న సంఘాలు వెనక ఉన్నాయని అధిపతికి తెలుసు. స్నేహితులు వచ్చి పోవచ్చనే అనుమతి కూడా ఉంది. మాట అందితే డబ్బు పుట్టకపోదు. రెండేళ్ళు గడిచాయి, డబ్బు రాలేదు. యూదుల మెప్పు కోసం ఫేలిక్సు అతన్ని సంకెళ్ళలోనే వదిలి పోయాడు. నిర్దోషి విడుదలకు లంచం ఇవ్వడం తప్పా అని వాదించేవారు ఎప్పుడూ ఉంటారు. పౌలు ఆ వాదన చేసినట్టు లేదు. ఆ రెండేళ్ళ ధర అతను కట్టాడు.

తర్వాత వచ్చిన పోర్కియు ఫేస్తు మంచి పాలకుడే గానీ కొత్తవాడు. యెరూషలేములో విచారణ జరిపిద్దామా అని పౌలును అడిగాడు. దారిలో మాటువేసి చంపే ప్రయత్నం ఉందని లూకా పాఠకుడికి ముందే చెప్పాడు. పౌలు అక్కడే కైసరుకు అప్పీలు చేసుకున్నాడు. ఆ సందర్భంలో ఇంకో మాట కూడా అన్నాడు. చావుకు తగిన పని చేసి ఉంటే చావడానికి వెనుదీయను, చేయకపోతే తనను వీరికి అప్పగించే హక్కు ఎవరికీ లేదు. చట్టాన్ని తన రక్షణకు పిలిచినవాడు ఆ చట్టం వేసే శిక్షకూ తల ఒగ్గాడు.

అప్పుడు ఫేస్తుకు ఒక ఇబ్బంది వచ్చింది. చక్రవర్తికి ఖైదీని పంపాలి, నేరం ఏమని రాయాలో తెలియదు. రాజు అగ్రిప్ప, అతని సోదరి బెర్నీకే ఎదుట పౌలును మళ్ళీ మాట్లాడించింది అందుకే. పౌలు తన పూర్వజీవితం చెప్పుకుంటూ, యేసు అనుచరులను చెరసాలల్లో వేయించిన సంగతిని, వారికి మరణశిక్ష పడుతుంటే సమ్మతించిన సంగతిని దాచకుండా చెప్పాడు. అబద్ధపు నేరం మీద నిలబడ్డవాడు తన అసలు నేరాన్ని తానే బయటపెట్టుకున్న అరుదైన సందర్భం ఇది. విని లేచాక, ఇతను కైసరుకు అప్పీలు చేసుకోకపోయి ఉంటే విడుదల చేయవచ్చునని అగ్రిప్ప ఫేస్తుతో అన్నాడు.

ఈ కథ విన్నవారికి ఒక ప్రశ్న వస్తుంది. యేసు హేరోదు ఎదుట ఏమీ మాట్లాడలేదు, పిలాతు ఎదుట నేరాలకు జవాబివ్వలేదు. పౌలు మాత్రం ప్రతి అధికారి ఎదుటా మాట్లాడాడు. రెండూ ఒకే విశ్వాసానికి చెందినవేనా అని అడగవచ్చు. సువార్తల్లోనే యేసు మౌనం సంపూర్ణం కాదు. నీవు క్రీస్తువా అని సూటిగా అడిగినప్పుడు, మార్కు సువార్త ప్రకారం, ఔనన్నాడు. తాను ఎవరో చెప్పాడు, మీద వేసిన అబద్ధాల జాబితాకు జవాబు చెప్పలేదు. ఆ అబద్ధాలు ఒకదానికొకటి పొసగలేదని మార్కు అంటాడు. మరణాన్ని తప్పించుకోవడం ఆయన లక్ష్యం కాదు. పౌలుకు ఇంకా పని ఉంది, రోముకు వెళ్ళాలి, దానికి విచారణ ఒక దారి. ఎక్కడ మాట్లాడాలి, ఎక్కడ ఊరుకోవాలి అన్నదానికి బైబిలు ఒకే సూత్రం ఇవ్వదు. తనను గురించిన నిజాన్ని కాదనకపోవడం ఇద్దరిలోనూ ఒకటే.

నింద వినేవారికి మాత్రం సూత్రం స్పష్టంగానే ఉంది. ద్వితీయోపదేశకాండం 19వ అధ్యాయం ఒక్క సాక్షి మాట మీద ఎవరినీ దోషిగా నిలబెట్టకూడదంటుంది. దొంగసాక్షి ఎదుటివాడికి ఏ శిక్ష పడాలని కోరాడో అదే అతనికి వేయమంటుంది. తిమోతికి రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయం సంఘ పెద్ద మీద వచ్చే ఫిర్యాదుకు ఇద్దరు ముగ్గురు సాక్షులను అడుగుతుంది. ఆ వెంటనే, తప్పు చేసినవారిని అందరి ఎదుట గద్దించమనీ చెబుతుంది. పెద్దల రక్షణకు మొదటి వాక్యాన్ని చదివి రెండోదాన్ని వదిలేసే అలవాటు సంఘాల్లో తక్కువేమీ కాదు.

రోముకు చేరిన పౌలు మూడు రోజులకు అక్కడి యూదుల పెద్దలను పిలిపించి తన సంగతి చెప్పాడు. కైసరుకు అప్పీలు చేసుకోక తప్పలేదని, అయితే తన స్వజనం మీద నేరం మోపడానికి కాదని అన్నాడు. నాలుగు గోడల మధ్య ఏళ్ళు గడిపిన మనిషికి ఎదురు ఫిర్యాదు చేసే అవకాశం ఉంది, కారణమూ ఉంది. అతను దాన్ని వాడుకోలేదు. తన మీద నేరం మోపింది కొందరేనని, జాతి అంతా కాదని అతనికి తెలుసు. అతనూ ఆ జాతివాడే. ఆ తర్వాత అద్దె ఇంట్లో రెండేళ్ళు ఉన్నాడని చెప్పి లూకా గ్రంథం ముగిస్తాడు. తీర్పు ఏమైందో చెప్పడు. అప్పుడు విడుదలై మళ్ళీ ప్రయాణాలు చేశాడని, రెండోసారి రోముకు వచ్చినప్పుడు నీరో కాలంలో హతసాక్షి అయ్యాడని నాలుగో శతాబ్దపు సంఘ చరిత్రకారుడు యూసేబియస్ తన కాలానికి చేరిన సంప్రదాయంగా రాశాడు.